సున్నా మేస్త్రి మొండి లెక్క

కొత్తవాళ్ళెవరైనా ఆయన పేరు వింటే సున్నం కొట్టే మనిషి అనుకుని గోడలు చూపించేవాళ్ళు. అప్పుడు ఆయన ముక్కు మీది కోపం మీసాల్లోకి దిగేది.

"సున్నం కాదండీ, సున్నా. గోడలైతే మా బావమరిదిని పిలుచుకోండి. వాడికి నిలబడి ఉన్నవే అచ్చొస్తాయి," అనేవాడు.

సున్నా అంటే మిగిలింది సున్నా అని. నేల మీద బిళ్ళలు పరిచే మేస్త్రులకు పని పూర్తయ్యేసరికి మూలన ఓ గుట్ట మిగలడం మామూలు. ఇంటివాళ్ళు దాన్ని పదేళ్ళు దాచి, బొద్దింకలకు కాపురం పెట్టించి, చివరికి తులసికో తొట్టికో అడుగున పెడతారు. సున్నా మేస్త్రి పనిచేసిన ఇంట్లో అలాంటి గుట్ట ఉండదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క బిళ్ళ మిగల్చలేదు, ఒక్క బిళ్ళ చాల్లేదని మళ్ళీ కొనిపించలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గుట్ట వైపు కాసేపు చూసి, "పదహారు వరసలు, వరసకి ఇరవై ఒకటి," అనేవాడంటే ఇక తిరుగులేదు. బడిలో అయిదో తరగతి దాటలేదు. భాగహారం అంతా మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నదే.

ఆ విద్యకు ఆయన మామగారు గురువు. ఆ పెద్దాయన మూడు ముక్కల్లో పాఠం చెప్పాడు. "ముందు ఒకటి పగలగొట్టు. తరవాత లెక్కపెట్టు. ఆ తరవాతే నోరు విప్పు." కొత్త సరుకు రాగానే ఒక బిళ్ళను తాపీ పిడితో పగలగొట్టి లోపల ఎలా కాలిందో చూడాలన్నమాట. పైన ఎంత నిగనిగలాడినా లోపల పచ్చిగా ఉంటే నమ్మకూడదు. దీన్ని ఆయన 'పలకరింపు' అనేవాడు. అల్లుడు కూడా అదే మాట అనేవాడు, అదే పని చేసేవాడు. ఆ మూడు ముక్కల వరసలో ఎప్పుడూ తేడా రానిచ్చేవాడు కాదు.

ఆ తాపీ కథ కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా దాని గురించే. పెద్దాయనకు కొడుకూ ఉన్నాడు, అల్లుడూ ఉన్నాడు. పని మానుకునే రోజున ఇద్దరికీ చెరో బిళ్ళ ఇచ్చి పరవమన్నాడు. సిమెంటు మాలు ఆరాక ఒక్కోదాని మీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టాడు. అల్లుడి బిళ్ళ మీద గ్లాసు కదల్లేదు. కొడుకు బిళ్ళ మీది గ్లాసు ఒకవైపు తొణికి, నీళ్ళు కారి, పెద్దాయన కాలి బొటనవేలు తడిసింది. ఆయన ఆ వేలి వైపు చూసుకుని, "ఒరే, నీ చెయ్యి నేలకి పనికిరాదురా. గోడలకి రంగులేసుకో," అని, నలభై ఏళ్ళు వాడిన తాపీని అల్లుడి చేతిలో పెట్టాడు. కొడుకు ఆ మర్నాడే కుంచె పట్టాడు. మంచి రంగుల మేస్త్రి అయ్యాడు కూడా. కానీ కన్నతండ్రి తాపీ బావ నడుముకు వేలాడుతుంటే చూసిన ప్రతిసారీ వాడి కళ్ళు ఒక్క క్షణం అక్కడే ఆగేవి. అక్కసునంతా పరాచికంగా మార్చి బావ మీద పోసేవాడు. బావా బావమరుదుల వరస కదా, అడ్డేముంది?

మేస్త్రికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక చూపులేని పిల్లల బడి నుంచి కబురొచ్చింది. బిళ్ళల ఫ్యాక్టరీ ఒకటి మూతపడుతూ, ఎవరూ కొనని సరుకు రెండువేల బిళ్ళలు ఆ బడికి ఇచ్చింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు. మీద వేలి మందాన ఉబ్బెత్తు గీతలు. చూసేవాళ్ళకి అవి అందంగా ఉండవు, నడిచేవాళ్ళకి కాలికి తగులుతాయి, అందుకే అమ్ముడుపోలేదు. బడి పెద్ద టీచరమ్మకు మాత్రం అవి తెగ నచ్చాయి. ఆవిడకూ చూపులేదు. చెప్పులు విడిచి ఒక బిళ్ళ మీద నిలబడి, "ఇది మాట్లాడుతోందండీ," అన్నారు.

"ముందున్న ఖాళీ జాగాలో పరవండి మేస్త్రిగారూ. ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది మీ ఇష్టం. కానీ మూలలు నాలుగే ఉండాలి. మా పిల్లలు అంచు పట్టుకుని తిరుగుతారు. అయిదో మూల వచ్చిందా, దారి తప్పుతారు. మధ్యలో ఒక్క గుంట ఉందా, కాలు విరుగుతుంది."

"నలభై వరసలు, వరసకి యాభై," అన్నాడు మేస్త్రి, బకెట్టు కూడా వెతుక్కోకుండానే. "పిల్లలాట."

బావమరిది అప్పుడు నిచ్చెనెక్కి అదే బడి కిటికీలకు రంగు వేస్తున్నాడు. ఊరికే ఉంటాడా?

"లెక్కపెట్టకుండానే చెప్పేస్తున్నావు బావా! మా నాన్న వింటే ఏమనేవాడో."

"చీటీ మీద రెండువేలని రాసి ఉంటే లెక్కెందుకురా?"

"రాసిందల్లా నిజమైతే మా ఇంటి కరెంటు బిల్లు కూడా నిజమే. ఈసారి ఒకటైనా మిగులుస్తావు, రాసిపెట్టుకో."

పక్కన ఆయా ఉంది, టీకొట్టు మనిషి ఉన్నాడు, వరండాలో పిల్లలున్నారు. మేస్త్రికి రోషం పొడుచుకొచ్చింది. నడుమున ఉన్న తాపీ తీసి పైకెత్తి చూపించాడు.

"ఒక్క బిళ్ళ మిగిలినా, ఒక్క బిళ్ళ తక్కువైనా ఈ తాపీ తెచ్చి నీ చేతిలో పెడతా. మళ్ళీ జన్మలో ముట్టుకోను. చాలా?"

నిచ్చెన మీద నవ్వు ఆగిపోయింది. "పెద్ద టీచరమ్మగారూ, విన్నారుగా?" అన్నాడు బావమరిది నెమ్మదిగా.

"నేను చేసేదే అది కదయ్యా," అన్నారావిడ.

మేస్త్రి గెలిచినవాడిలా గుట్ట దగ్గరికి నడిచి, గొంతుక్కూర్చుని, పై బిళ్ళ తీసుకుని, తాపీ పిడి ఎత్తి ఠప్పున ఒక్కటిచ్చాడు.

బిళ్ళ రెండు ముక్కలైంది. లోపల చక్కగా కాలింది. 'బాగుంది' అని తలూపాడు. ఊపుతున్న తల సగంలో ఆగిపోయింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ముందు పగలగొట్టి, తరవాత నోరు విప్పిన మనిషి ఆ ఒక్కరోజు ముందు నోరు విప్పి, తరవాత పగలగొట్టాడు. చేతికి ఏం తెలుసు? దాని పని అది చేసింది.

"ఏదో పగిలినట్టుంది?" అన్నారు పెద్ద టీచరమ్మ.

"పలకరించానండీ," అన్నాడు మేస్త్రి, రెండు ముక్కలనూ దగ్గరికి లాక్కుంటూ.

"పలకరిస్తే ప్రాణం పోయింది పాపం," అన్నాడు నిచ్చెన మీదివాడు.

ఇంకో బిళ్ళ కొందామంటే ఫ్యాక్టరీ తలుపుకు తాళం పడింది, బిళ్ళల అచ్చును తుక్కు కింద అమ్మేశారు. ఉన్నవి పందొమ్మిదివందల తొంభైతొమ్మిది. ఆ సాయంత్రం మేస్త్రి రెండు ముక్కలనూ సంచీలో ఇంటికి తెచ్చాడు. భార్య వాటిని కలిపి పట్టుకుని, "గట్టి బంకతో అతికిస్తే?" అంది.

"అతికించు. పక్కనే నా మొహం కూడా అతికించు, ఊళ్ళోవాళ్ళు చూసి తరిస్తారు."

భార్య లేచింది. ఒక ముక్కను కుంటుతున్న స్టూలు కాలి కింద పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

మేస్త్రి ధైర్యం మాత్రం చెడలేదు. నలభై వరసలు కాకపోతే ఇంకోటి. జాగా చాలా ఉంది, నాలుగు మూలలుంటే చాలు. ఏ గుట్టనైనా ఏదో ఒక వరసకు లొంగదీసిన మనిషి ఆయన. మర్నాడు మాలు లేకుండా ఉత్తినే బిళ్ళలు పేర్చి చూడటం మొదలుపెట్టాడు. వరసకు ముప్ఫైతొమ్మిది పెడితే పది మిగిలాయి. ముప్ఫైఎనిమిది పెడితే ఇరవైమూడు. ముప్ఫైఏడు పెట్టాడు. వరస తరవాత వరస నిండుతూ వచ్చింది, యాభైనాలుగో వరస కూడా నిండింది. మేస్త్రి నడుము పట్టుకుని నిటారుగా లేచి, "అయిపోయింది!" అన్నాడు.

"ఒకటుంది తాతా," అన్నారు వరండాలోంచి పిల్లలు. బిళ్ళ నేలకు తగిలిన చప్పుడల్లా వాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నారు.

నిజమే. గుట్ట ఉన్నచోట ఒక్కటే ఒక్క బిళ్ళ, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు పడుంది.

లెక్క తప్పిందనుకుని మళ్ళీ మొదటినుంచి పేర్చాడు. అదే ఒకటి. వరసకు ఇరవైఏడు పెట్టి చూశాడు, ఒకటి. పద్దెనిమిది పెట్టాడు, ఒకటి. ఇరవైమూడు పెడితే ఏకంగా ఇరవైఒకటి మిగిలి వెక్కిరించాయి. మూడు రోజుల్లో ఆ బిళ్ళలు తిరిగినంత దూరం లారీ ఎక్కి ఉంటే సముద్రం దాటేవి. ఎవరో ఒకటి ఎత్తుకెళ్ళారని టీకొట్టు మనిషిని అనుమానించాడు. ఎవరో ఒకటి తెచ్చి కలిపారని బావమరిదిని అనుమానించాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఇప్పుడు ఆ మూడు కాళ్ళ కుందేలూ చేతికి చిక్కడం లేదు. సాయంత్రాలు ఇంట్లో కందిపప్పు గింజలు కంచంలో పేరుస్తూ కూర్చునేవాడు. భార్య వాటిని పొయ్యి మీది ఎసట్లో పడేసేదాకా లేచేవాడు కాదు.

ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలుంది. కొడుకు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. ఆ పిల్ల సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పని చేస్తూ, ప్రైవేటుగా లెక్కల డిగ్రీ పాసైంది. ఇంటికొచ్చిన నాలుగు నెలల్లో మామగారు ఆమెతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డుకు చాలవు. కోడలంటే కోపం కాదు, చదువుకున్న పిల్లతో ఏం మాట్లాడాలో తెలియక. నాలుగో రోజున ఆమే కంచం వైపు వంగి చూసింది.

"ఎన్ని మామయ్యగారూ?"

"పందొమ్మిదివందల తొంభైతొమ్మిది."

ఆమె పెదవులు కదిలాయి. వేళ్ళు గాల్లో ఏవో రాశాయి. కాసేపటికి ఆమె ముఖంలో జాలి కనిపించింది. "అయ్యో, అది ప్రధాన సంఖ్య మామయ్యగారూ."

మేస్త్రి చెవులకు ఆ 'అయ్యో' వినపడలేదు, 'ప్రధాన' ఒక్కటే వినపడింది. ప్రధాన ద్వారం, ప్రధాన రహదారి, ప్రధాన కార్యాలయం! నాలుగు రోజులుగా తాను ఏదో అల్లాటప్పా గుట్టతో కుస్తీ పడుతున్నాననుకున్నాడు. చూడబోతే అది లెక్కల్లోకెల్లా పెద్ద హోదా ఉన్నది. "అందుకా ఇంత బెట్టు!" అనుకుని, ఆ పిల్ల ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా చొక్కా వేసుకుని టీకొట్టుకు వెళ్ళాడు. అక్కడ కనిపించినవాడికల్లా చెప్పాడు.

"నాది మామూలు లెక్క కాదయ్యా. ప్రధాన సంఖ్య! మా కోడలు డిగ్రీ పాసైంది, అదే చెప్పింది. ప్రధానమైన వాటికి కాస్త టైము పడుతుంది మరి."

బావమరిదికి అనుమానం వచ్చింది. వాడు మర్నాడు కుంచె పక్కన పెట్టి పెద్ద టీచరమ్మను అడిగాడు. విన్నాక నిచ్చెన దిగి, నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. మధ్యాహ్నం టీకొట్టు దగ్గర నలుగురూ ఉండగా బావ భుజం మీద చెయ్యేశాడు.

"బావా, ప్రధాన సంఖ్యంటే ఏంటో తెలుసా? ఎవ్వరూ భాగించలేనిది. ఏ వరసకీ రానిది. తలకిందులుగా తపస్సు చేసినా మిగులు తప్పదు. నీ ఓటమికి నువ్వే ఊరంతా తిరిగి దండోరా వేశావు!"

టీ చల్లారిపోయింది. మేస్త్రి తాగలేదు. కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా లోపల కాస్త పౌరుషం మిగిలి ఉండాలి కదా. నడుమున ఉన్న తాపీని అరచేత్తో మూసుకుని ఇంటికి నడిచాడు. చెక్క పిడి మామగారి వేళ్ళ చోట గుంటలు పడి ఉంది. ఆ గుంటల్లో తన వేళ్ళు కుదరడానికే ఆయనకు పదేళ్ళు పట్టింది. రేపు అది పోతే ఈ చేతులతో ఏం చేయాలో ఆయనకు తోచలేదు, భయం వేసింది.

ఇంటికెళ్ళి కోడలి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మా, నిన్న నువ్వు చెప్పబోయింది ఇప్పుడు చెప్పు," అన్నాడు.

ఆమె కాగితం తెచ్చింది. "మా ఫ్యాక్టరీలో వీటిని మొండి లెక్కలంటాం మామయ్యగారూ. పన్నెండు సబ్బులనుకోండి, మూడు వరసల్లో పెట్టొచ్చు, నాలుగు వరసల్లో పెట్టొచ్చు, మాట వింటాయి. పదమూడు వచ్చిందంటే ఏ పెట్టెలోనూ ఇమడదు. మీది పెద్ద మొండి."

"అన్నీ పెట్టి చూడలేదుగా నేను. వరసకి నూటపదమూడు పెడితేనో?"

"అంతదాకా అక్కర్లేదు. నలభైనాలుగు దాకా చూస్తే చాలు. నలభైఅయిదు వరసలు, వరసకి నలభైఅయిదు పెడితేనే రెండువేల పాతిక కావాలి, మన దగ్గర అన్ని లేవు. అంటే పొడవు పెద్దదైతే వెడల్పు అంతకంటే చిన్నదై తీరాలి. ఆ చిన్నది ముందే దొరికి ఉండాలి. దొరకలేదు."

మేస్త్రి కళ్ళు మూసుకుని ఆ జాగాను తలుచుకున్నాడు. పొడుగ్గా సాగదీస్తే సన్నబడుతుంది. నిజమే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మోకాళ్ళకు తెలిసిన సంగతే, నోటితో అనగా ఇప్పుడు విన్నాడు.

"ఆ నలభైనాలుగులోనూ అన్నీ అక్కర్లేదు," అందామె ఉత్సాహంగా. "మూడుకి లొంగనిది ఆరుకీ లొంగదు, తొమ్మిదికీ లొంగదు. మొండివాటిని చూడటానికి మొండివే చాలు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు... అలా పద్నాలుగంటే పద్నాలుగు. అన్నీ వేసి చూశాను. ముప్ఫైఏడుకైతే పాపం ఒక్కటే మిగులుతుంది."

"ఆ ఒక్కటి నాకు బాగా తెలుసులే," అన్నాడు మేస్త్రి. తరవాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇంకో రెండు... పొరపాటున పగిలాయనుకో?"

"పందొమ్మిదివందల తొంభైఏడా? అదీ మొండిదే. ఈ రెండూ కవలలు మామయ్యగారూ."

పొయ్యి దగ్గరున్న అత్తగారు పకపకా నవ్వేసింది. "మీలాంటివి ఇంకా ఉన్నాయన్నమాట!"

"మరైతే దీనికి దారే లేదా అమ్మా?"

"ఉంది. ఒక్క వరస. ఒక్క వరసే పెట్టి, అన్నీ ఒకదాని తరవాత ఒకటి పేర్చుకుంటూ పోవాలి. అది తప్ప దీనికి వేరే దారి లేదు."

ఇదో లెక్కా? ఒక అడుగు వెడల్పున ఏ పిల్లాడు ఆడుకుంటాడు? మేస్త్రి నిట్టూర్చి లేచాడు. అయితే ఆ సాయంత్రం ఆయనా కోడలూ మాట్లాడుకున్న మాటలు పోస్టుకార్డు దాటి చాలాదూరం వెళ్ళాయని మాత్రం ఆయన గమనించుకోలేదు.

మర్నాడు ఎవరూ రాకముందే బడికి వెళ్ళాడు. దురాలోచనతోనే వెళ్ళాడు, దాచడం దేనికి? రెండు కాదు, ఒక్కటి పగిలితే చాలు. ముప్ఫైఏడు పెడితే యాభైనాలుగు వరసలు నిండుతాయి, మిగులు సున్నా. ఎవరు లెక్కపెడతారు? మొదటిది పలకరింపు. రెండోది? 'రెండో పలకరింపు' అనుకున్నాడు. బిళ్ళను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో తాపీ ఎత్తాడు.

చెయ్యి దిగలేదు. లోపల ఎలా కాలిందో చూడటానికి బిళ్ళను పగలగొట్టిందే గానీ, తన తప్పు దాచుకోడానికి ఆ చెయ్యి ఎప్పుడూ ఏదీ పగలగొట్టలేదు. పైగా ఆ పిడిలో మామగారి వేళ్ళ గుంటలున్నాయి. ఆయన చూస్తున్నట్టే అనిపించింది.

అప్పుడే, అరకిలోమీటరు అవతల బస్సు దిగిన పిల్లలు గేటు దగ్గరికి వస్తున్నారు. రోజూ వచ్చేవాళ్ళే, రోజూ చూసేదే. ముందు ఆయా, ఆమె చేతిలో తాడు, తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరుగా పదకొండుమంది. ఒకడు చెప్పు జారి ఆగితే అందరూ ఆగుతున్నారు. ఒకతి తుమ్మితే తాడంతా ఊగుతోంది. ఆయా అరుస్తోంది. "వరస తప్పకండి! ఒక్క వరసలో రండి!"

మేస్త్రి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఒక్క వరస. వేరే దారి లేదు.

దారి!

బిళ్ళను నెమ్మదిగా కింద పెట్టాడు. గేటు దాటి బస్సు ఆగే స్తంభం దాకా పరిగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నూలుతాడు చేత్తో పట్టుకుని, రోడ్డు పక్క ఒంగుని కొలుస్తూ బడి మెట్టు దాకా వచ్చేసరికి టీకొట్టు మనిషి మతి చలించిందనుకుని గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళు తాగి, పెద్ద టీచరమ్మ ముందు నిలబడి, ఆయాసపడుతూ చెప్పాడు.

"అమ్మగారూ, జాగాలో పరవనండీ. బస్సు దగ్గర్నుంచి మీ మెట్టు దాకా వేస్తా. ఒకే ఒక్క వరస, కొలిస్తే సరిగ్గా పందొమ్మిదివందల తొంభైతొమ్మిది. గీతలు నిలువుగా పెడతా. కాలు గీత మీద ఉన్నంతసేపూ దారి తప్పరు. తాడు అక్కర్లేదు. ఆయా అక్కర్లేదు. ఎవరికి వాళ్ళు వస్తారు."

"నేను ఈ బడికి ఇరవైరెండేళ్ళుగా ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకుని వస్తున్నాను మేస్త్రిగారూ," అన్నారావిడ. "వెయ్యండి."

రోడ్డు పక్క పరవడానికి పురపాలక ఆఫీసు వాళ్ళు ఒప్పుకోవాలి. పెద్ద టీచరమ్మ వెళ్ళి అక్కడి కుర్చీలో కూర్చుని, సంతకం చప్పుడు వినిపిస్తే గానీ లేవనన్నారు. మూడో రోజుకు వినిపించారు. మేస్త్రి పని మొదలుపెట్టాడు. పద్దెనిమిది రోజులు మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చాడు. బావమరిది కిటికీలు ఎప్పుడో పూర్తయినా రోజూ వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. మిగిలిన బిళ్ళలను కళ్ళతోనే లెక్కపెట్టేవాడు. పరాచికాలు కూడా తగ్గించేశాడు.

ఆఖరి రోజు సాయంత్రం దారి బడి మెట్టుకు చేరింది. చివరి బిళ్ళ అంచు మెట్టును ముద్దుపెట్టుకున్నట్టు ఆనింది. మేస్త్రి లేచి వెనక్కి తిరిగాడు.

ఇసుక గుట్ట పక్కన ఒక్కటే ఒక్క బిళ్ళ.

సందులతో సహా కొలిచాడు. అయినా పరిచేటప్పుడు సందులే సాగాయో, తన కళ్ళే సాగాయో, పందొమ్మిదివందల తొంభైఎనిమిది పట్టాయి. ఒకటి మిగిలింది. ముప్ఫైఏడు పెట్టినప్పుడు మిగిలిన ఆ బిళ్ళే కాబోలు. అదే ఎదురుచూపు.

అందరూ ఉన్నారు. భార్య ఉంది, కోడలుంది, పిల్లలున్నారు. మేస్త్రి తాపీని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. మాట ఇచ్చాక మడమ తిప్పే రకం కాదు. నడుచుకుంటూ వెళ్ళి బావమరిది చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. మీ నాన్నది," అన్నాడు.

బావమరిది చెయ్యి చాపాడు గానీ ముఖాన గెలిచిన కళ లేదు. ఎన్నో ఏళ్ళుగా కోరుకున్న వస్తువు చేతికొచ్చేసరికి దాన్ని ఎలా పట్టుకోవాలో వాడికి తెలియలేదు.

"ఏమైంది? ఎందుకాగారు?" అన్నారు పెద్ద టీచరమ్మ.

"ఒక బిళ్ళ మిగిలిందండీ," అంది కోడలు.

"మిగలడమేమిటమ్మా? మెట్టు పైన గుమ్మం ముందు ఎవరు వేస్తారు? అక్కడేగా పిల్లలు తలుపుకి కొట్టుకునేది. వెయ్యండి మేస్త్రిగారూ."

మేస్త్రి రెండు ఖాళీ చేతులూ చూసుకున్నాడు. "నేను ముట్టుకోనని మాటిచ్చానండీ. తాపీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే వెయ్యాలి."

అందరూ బావమరిది వైపు తిరిగారు. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదు బావా. నా చెయ్యి నేలకి పనికిరాదు."

"ఎవరన్నారు?"

"నీకు తెలీదా ఎవరన్నారో?"

"వేయరా తమ్ముడూ," అంది అక్క.

వాడు మెట్టెక్కి గొంతుక్కూర్చున్నాడు. మాలు వేశాడు, చదును చేశాడు, బిళ్ళ పెట్టాడు, ఒత్తాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. నాలుకను పంటి కింద పట్టుకుని చెమటలు కక్కాడు. లేచి చూసుకుంటే బిళ్ళ ఒకవైపు రవ్వంత ఒరిగే ఉంది.

పెద్ద టీచరమ్మ చెప్పులు విడిచి, బస్సు స్తంభం దాకా ఆయాతో వెళ్ళి, అక్కడ ఆమె చెయ్యి వదిలేశారు. తిరిగి ఒక్కరే వచ్చారు. తొందర లేదు, తడుముకోవడం లేదు. గేటు దాటారు, మెట్టెక్కారు. ఆఖరి బిళ్ళ మీద పాదం పెట్టి ఆగిపోయారు.

"ఇక్కడ చెయ్యి మారింది," అన్నారు.

బావమరిది తల వాలిపోయింది. మేస్త్రి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "పచ్చిగానే ఉందండీ, రెండు నిమిషాల్లో లేపి సరిచేసేస్తా. ఒట్టు సంగతి తరవాత చూసుకుంటా."

"ముట్టుకోకండి," అన్నారావిడ. పాదంతో బిళ్ళను ఇంకోసారి నెమ్మదిగా తడిమారు. "దారంతా ఒక్కలా ఉంటే గుమ్మం వచ్చిందని కాలికి ఎలా తెలుస్తుందండీ? ఇది మిగతావాటిలా లేదు. ఇలాగే ఉండాలి. వేసిందెవరో గానీ సరిగ్గా వేశారు."

నేల మీద తాను వేసిన బిళ్ళను 'సరిగ్గా వేశారు' అని ఒకరు అనగా బావమరిది వినడం అదే మొదటిసారి. వాడు గోడ వైపు తిరిగి, కళ్ళలో సిమెంటు పడిందన్నాడు. ఆ సాయంత్రం సిమెంటు చాలామంది కళ్ళలో పడింది.

పందెం ఎవరు గెలిచారన్నది ఈరోజుకీ తేలలేదు. తాపీ ఇచ్చేటప్పుడు ఒకటి మిగిలి ఉంది, ఇచ్చాక ఏమీ మిగల్లేదు. వాళ్ళిద్దరూ టీకొట్టు దగ్గర దాని మీద ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నారో లెక్కలేదు. తాపీని రెండుగా పంచే వీల్లేదు కాబట్టి, పనివేళలో బావ దగ్గరా, సాయంత్రం బావమరిది దగ్గరా ఉంటోంది. వాడు దాని పిడికి ఆకుపచ్చ రంగు వేశాడు. బావ వారం రోజులు తిట్టాడు గానీ గీకెయ్యలేదు.

పిల్లలు పట్టుకుని నడిచిన తాడు ఇప్పుడు బడి పెరట్లో బట్టలు ఆరేయడానికి పనికొస్తోంది. పిల్లలు బస్సు దిగి ఎవరికి వాళ్ళే, ఒకరి వెనక ఒకరు, కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. మెట్టు మీది ఒరిగిన బిళ్ళకు వాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు. దాని మీద కాలు పడగానే ప్రతి ఒక్కరూ ఆ పేరు గట్టిగా చెప్పి మరీ లోపలికి వెళ్తారు. దాని పేరు 'వచ్చేశాం'.